పుంజు నాళానికి క్యూ

2012లో నేను వెటర్నరీ పీజీ చేస్తూ అశోక్ నగర్‌లో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేదాన్ని. నా పరిశోధన కోడిపుంజు వీర్యనాళం మీద. ఆ నాళం గోడలోని కండరం ముడుచుకుంటూ వీర్యాన్ని ముందుకు తోస్తుంది. ఆ కండరాన్ని బిగువుగా పట్టి ఉంచే ప్రొటీన్లు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపించడం నా పని. ఇంట్లోవాళ్లకు మాత్రం కోళ్ల మీద చదువుతున్నానని చెప్పి ఊరుకున్నాను.

బ్రాయిలర్ కోళ్లు పనికిరావు, వాటిని ఈడు రాకముందే కోసేస్తారు. ముదురు నాటు పుంజు కావాలి. అందుకని పొద్దున్నే, శాంపిల్ చెడిపోకుండా ఉంచే ఫార్మలిన్ మందు సీసాతో నారాయణగూడలో ఒక చికెన్ షాపు ముందు నిలబడేదాన్ని.

“మాంసం వద్దు అన్నా. లోపల వెన్నెముక పక్కన మెలికలు తిరిగిన తెల్ల గొట్టాలుంటయి, అవి ఇయ్యి.”

షాపాయన జాలిగా చూశాడు. “ఇంట్ల సార్‌కు బాగలేదా అక్క?”

నాకు పెళ్లే కాలేదంటే ఇంకా జాలిపడ్డాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. కానీ పోటీ పరీక్షల కోచింగ్‌లకు పేరుపడ్డ అశోక్ నగర్‌లో ఒకరు కొన్న పుస్తకం సాయంత్రానికల్లా అందరి చేతుల్లో జిరాక్సై ఉంటుంది. నేను గొట్టాలు కొంటున్నానని తెలియగానే, అవి జ్ఞాపకశక్తికేనని గ్రూప్స్ చదివేవాళ్లు తేల్చేశారు. వారం తిరక్కుండా షాపు ముందు క్యూ! నాకు ఒళ్లు మండిపోయింది. అది వీర్యం పోయే గొట్టమనీ, మెదడుకూ దానికీ సంబంధం లేదనీ నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాను.

“చూసినవా, మెటీరియల్ దాస్తున్నది,” అనుకున్నారు.

ఈలోగా మా గైడ్, సోమవారానికి శాంపిల్ తేకపోతే సెమిస్టర్ పోయినట్టేనన్నారు. సరిగ్గా ఆ ఆదివారం నాకు జ్వరం. గ్రూప్స్‌కే చదువుతున్న నా రూమ్మేట్ “నేను పోయి తెస్త” అని సీసా తీసుకుని వెళ్లి, క్యూలో కొట్లాడి, ఆఖరి పుంజుది సంపాదించింది. నేను నిద్ర లేచేసరికి కెటిల్లో ఏదో ఉడుకుతోంది.

“సీసాల నీళ్లు గబ్బు వాసనొస్తున్నయక్క. అందుకే కవర్ల తెచ్చి ఉప్పేసి ఉడకబెట్టిన. సగం నీకే.”

ఉడికాక ఇక ఆ ప్రొటీన్లలో చూడటానికి ఏం మిగులుతుంది? బావురుమన్నాను. జ్వరం ఎక్కువైందనుకుని పాపం నా నుదుటి మీద తడిగుడ్డ వేసింది.

నా సెమిస్టర్ పోయింది. తన సగం తిన్న ఆ పిల్ల మాత్రం ప్రిలిమ్స్ పాసైంది. ఫలితాలొచ్చిన మర్నాడు షాపు ముందు క్యూ పెరిగి పక్క సందులోకి తిరిగింది. నాకింకా శాంపిల్ కావాలి కదా, వెళ్లి చివర్లో నిలబడ్డాను.

ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి అడిగింది: “ఏ గ్రూప్ రాస్తున్నవక్క?”