ఆ లోడర్ గురించి ఓబులేసుకు చెప్పనిది

ఇన్నేళ్లుగా ఒక మనిషి చావును గుండెల మీద పెట్టుకుని తిరుగుతున్నాను. పొద్దున నేను కళ్లు తెరిచేసరికి అది నాకంటే ముందే లేచి కూర్చుని ఉంటుంది. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్లు అవి. బెంగుళూరు పక్కన జిగణిలో ఒక షెడ్డులో నేను మెకానిక్‌ని. మట్టి తవ్వే బండ్లు, ఎత్తే బండ్లు మా దగ్గరికి రిపేరుకు వచ్చేవి. ఓబులేసు, అతని భార్య సుంకమ్మ మా అనంతపురం వైపు వాళ్లే. కూలికోసం బెంగుళూరు వచ్చారు. ఆమె తట్టలో మట్టి మోసింది. అతను గునపంతో మొదలుపెట్టి, ఎవరిదో ట్రాక్టరు, ఆపైన ఎవరిదో లోడరు నడిపే దాకా వచ్చాడు. సర్జాపుర రోడ్డు పొడవునా అపార్ట్‌మెంట్లు లేస్తున్న కాలం. పెద్ద యంత్రాలు దూరలేని చోట మట్టి తియ్యడానికి ఉన్నచోటే గిర్రున తిరిగే చిన్న స్కిడ్ స్టీర్ లోడర్లకు మంచి గిరాకీ. అలాంటిదొకటి సొంతానికి కొనాలని ఓబులేసుకు ఆశ.

మా షెడ్డుకు వచ్చే ఒక కాంట్రాక్టరు తన పాత లోడర్‌ను అమ్మకానికి పెట్టాడు. మీటరు ఎనిమిది వేల గంటలు దాటింది. అంత తిరిగిన బండిని కొనాలా, వద్దా? ఒక ఆదివారం పొద్దున సుంకమ్మను వెంటబెట్టుకుని ఓబులేసు నా దగ్గరికి వచ్చాడు.

ఆ బండి సంగతి నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఇక్కడ కాస్త ఓపిక పట్టండి. ఈ లోడర్‌లోకి ముందు నుంచి, మట్టి ఎత్తే బకెట్ మీదుగా ఎక్కాలి. దిగడమూ అటే. డ్రైవరుకు రెండు పక్కలా బకెట్‌ను ఎత్తే ఇనుప చేతులు ఉంటాయి. సీట్లో కూర్చున్నాక ఒక కడ్డీని ఒళ్లోకి దించుకోవాలి. దిగే ముందు ఆ కడ్డీని పైకెత్తితే ఇనుప చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. పొరపాటున కాలు పెడల్‌కు తగిలినా కిందికి రావు. అదంతా ఒక చిన్న స్విచ్ చేసే పని. ఆ ఆదివారానికి ఆర్నెల్ల ముందు ఆ స్విచ్ చెడింది. పని మధ్యలో బండి మాటిమాటికీ ఆగిపోతోందని కాంట్రాక్టరు గోల పెట్టాడు. కొత్త స్విచ్ రావడానికి వారాలు పడుతుంది. నేను దాన్ని తప్పించి, వైరు డైరెక్ట్ చేసి పంపేశాను. ఆ తర్వాత కడ్డీ ఎత్తినా దించినా బండికి ఒకటే. స్విచ్ రాగానే వేద్దామనుకున్నాను. తెప్పించనే లేదు.

ఆ ఆదివారం ఇంజన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చేసి పొగ చూశాను. ఇనుప చేతుల పిన్నులు ఊపి చూశాను. ఆయిల్ హోసులు తడిమాను. మంచీ చెడూ అన్నీ నిజాయితీగా చెప్పాను. కడ్డీ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఆగింది.

“గంటలు జాస్తి అయిపోయిండాయి కదన్నా. కొనొచ్చా?” అన్నాడు ఓబులేసు.

“ఇంజన్ గట్టిగా ఉండాది. పిన్నులు, హోసులు మార్చుకుంటే ఇంకో నాలుగేండ్లు లాగుతాది.”

సుంకమ్మ ఊరుకోలేదు. “సుమ్నే నోటికొచ్చింది చెప్పొద్దన్నా. నాకు బండి సంగతి తెల్దు, నువ్వు తెలుసు. నీ సొంత తమ్మునికైతే కొనమంటావా?”

“కొనమంటా.”

“ఇంకేమీ లేదు కదా?”

“ఏమీ లేదమ్మా.”

ఎందుకలా అన్నాను? నాకేమీ కమీషన్ ముట్టలేదు. ముట్టి ఉంటే కనీసం ఒక కారణమైనా ఉండేది. ఓబులేసు కళ్లలో నేను చెయ్యి పెడితే బాగుపడని బండి లేదు. ఆ కళ్ల ముందు, ఇది నేను చేసిన దొంగపని అని ఒప్పుకోవడానికి నోరు రాలేదు. అంతే. ఇంత చిన్న సిగ్గు కోసం ఒక మనిషిని బలిస్తారా ఎవరైనా? నేను ఇచ్చాను.

ఓబులేసు బండి కొన్నాక స్విచ్ తెప్పించాను. అది నా పెట్టెలోనే ఉండిపోయింది. వెళ్లి వెయ్యాలంటే ఎందుకని అడుగుతాడు. వచ్చే ఆదివారం అనుకునేవాణ్ణి. ఆ వచ్చే ఆదివారాలు మూడు నెలలు సాగాయి.

నాలుగో నెలలో ఒక మధ్యాహ్నం సైటు నుంచి ఫోన్ వచ్చింది. బకెట్ పైన ఉండగా బేస్‌మెంట్‌లో ఏదో అడ్డం తియ్యడానికి ఓబులేసు దిగబోయాడు. కాలు పెడల్‌కు తగిలింది. ఇనుప చేతులు కిందికి వచ్చేశాయి. నేను వెళ్లేసరికి ఇంకో యంత్రంతో వాటిని లేపి, అతన్ని ఆసుపత్రికి తీసుకుపోయారు. దారిలోనే పోయాడట. అందరూ అటు పరుగెత్తారు. బేస్‌మెంట్‌లో బండీ నేనూ మిగిలాం.

కడ్డీ పైకే ఉంది.

చూసి ఏడ్చాను. ఆ ఏడుపు మధ్యలోనే నా చేతులు పని మొదలుపెట్టాయి. నేను వేసిన వైరు పీకి, పాత స్విచ్ కలిపి, కడ్డీని కిందికి దించాను.

సాయంత్రం విచారణకు వచ్చినవాళ్లు కడ్డీ ఎత్తి దించి చూశారు. ఆ పాడు స్విచ్ ఆ పూట పనిచేసింది. బండిలో లోపం లేదన్నారు. కడ్డీ ఎత్తే ఓపిక లేక దాని కిందినుంచి దూరి దిగబోయాడని రాసుకున్నారు. మెకానిక్‌గా నన్నూ అడిగారు. నేను తలూపాను.

బండి అమ్మిపెట్టమని సుంకమ్మ నన్నే బతిమాలింది. అమ్మే ముందు కొత్త స్విచ్ వేశాను. పది నిమిషాలు పట్టింది.

ఆమె మళ్లీ తట్ట పట్టింది. కాడుగోడిలో ఒక గది తీసుకుని కూతురు నాగవేణిని చదివించింది. ఏటేటా అతను పోయిన రోజున నన్ను పిలుస్తుంది. నా విస్తట్లో ముందుగా వడ్డిస్తుంది. మొగుడి ఫొటో ముందు దీపం పెట్టి, “ఆ కడ్డీ ఎత్తేకి నీకేమైందప్పా” అని తిడుతుంది. ఏడుపు ఆగిపోయి చాలా ఏళ్లైంది. ఆ తిట్టు ఆగలేదు.

ఈసారి నాగవేణి కొత్త స్కూటర్ కొనుక్కుంది. జాగ్రత్తమ్మా అన్నాను. “నేను నాయన మాదిరి కాదులే మామా, నాకు తొందర లేదు” అని నవ్వింది. ఆరేళ్ల వయసులో తండ్రిని పోగొట్టుకున్న పిల్ల. తండ్రి గురించి ఆమెకు గట్టిగా తెలిసింది అదొక్కటే. అది నేను కల్పించింది.

అప్పుడైనా చెప్పానా? నీళ్లు తాగి లేచి వచ్చేశాను. రేపు చెబుతానని మీకు మాట ఇవ్వలేను. నా మాటకున్న విలువ నాకు తెలుసు. వాళ్లు క్షమిస్తారేమోనన్న ఆశ కూడా లేదు, క్షమిస్తే ఎలా భరించాలో తెలియదు. కానీ నిజం ఒక్కసారైనా నా తలలోంచి బయటికి వచ్చి ఎక్కడో ఒకచోట ఉండాలి. ఇక్కడ పెడుతున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం లోపలిదాకా వెళుతోంది.

ఓబులేసు తొందరపడలేదు. కడ్డీ ఎత్తే దిగాడు. బండి ఆగి ఉండాల్సింది. ఆగకుండా చేసింది నేను.