బ్రష్షు నాదే అన్నందుకు

మొన్న నేను చేసిన నిర్వాకం వింటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నేనేమీ అనుకోను. చేతికి వచ్చిన ఇంటిని నిచ్చెన మెట్లు లెక్కచెప్పి పోగొట్టుకున్నవాడు సికిందరాబాదులో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

నా పని మీకు తెలిసిందే. రైలు డబ్బాలు బాగుచేసే వర్క్‌షాపులో డబ్బాల మీద నంబర్లు రాస్తాను. చేరినప్పుడు ఒక ఠేకా, అంటే కాంట్రాక్టు, కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. పిలిచినప్పుడు రావాలి, రాసినంత పనికే కూలి. అయితే రోజూ పిలిచేవాళ్లు, రోజూ వెళ్లేవాణ్ణి. కొన్నాళ్లకు క్లర్కు ఖాదర్ సాబ్ నా పేరు కూడా నౌకర్ల హాజరు పట్టీలో ఎక్కించేశాడు. నేను నౌకరునా, ఠేకా మనిషినా అని ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

రజాకార్ల గొడవ ముదిరినప్పుడు మా ఆవిడనూ ఇద్దరు పిల్లలనూ బెజవాడలో మా బావమరిది ఇంటికి పంపించాను. పోలీస్ యాక్షన్ అయిపోయింది, రైళ్లు మామూలుగా తిరుగుతున్నాయి, వాళ్లు మాత్రం అక్కడే ఉండిపోయారు. ఇక్కడ నేను రాంగోపాల్‌పేట్‌లో ఒకే గదిలో మరో ముగ్గురు మగవాళ్లతో కలిసి ఉంటున్నాను. ఇక పిల్లలను ఎక్కడ పెట్టను? అందుకని పోస్టుకార్డుల మీదే పెంచుతున్నాను. నీళ్లు కాచి తాగండి. తలకు నూనె రాసుకోండి. కాలవ వైపు పోవద్దు. ఈ చివరి మాట ప్రతి కార్డులోనూ ఉంటుంది. బావమరిది ఇంటి వెనకే కాలవ. మా చిన్నోడికి ఆరేళ్లు, ఈత రాదు. ఆ కాలవను నేను చూసింది ఒక్కసారే. కళ్లు మూస్తే అదే కనిపిస్తుంది.

అలాంటిది, ఒకరోజు ఖాదర్ సాబ్ నన్ను పక్కకు పిలిచాడు.

"నర్సింలూ, కొత్త క్వార్టర్లు తయారైనయ్. లిస్టుల నీ పేరు పెట్టిన. పదిహేడో నంబరు. పిల్లలను పిలిపించుకో. గా కార్డుల తక్లీఫ్ ఇగ సాలు."

ఆ రోజే రాశాను, బట్టలు సర్దుకోమని.

అంతలో కొత్త ఫారాలు వచ్చాయి. పన్ను కోసం ప్రతి మనిషీ తాను నౌకరో, కాంట్రాక్టు మనిషో చెప్పి సంతకం చెయ్యాలి. నౌకరైతే పన్ను సంగతి ఆఫీసే చూసుకుంటుంది, కాంట్రాక్టు మనిషి తన సంగతి తనే చూసుకోవాలి. అది తేల్చడానికి మద్రాసు వైపు నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. ఖాదర్ సాబ్ నా ఫారంలో 'నౌకరు' అని ముందే నింపేశాడు.

"లోపలికి పో, సంతకం జెయ్యి, బయటికి రా. నోరు మాత్రం తెరవకు," అన్నాడు.

చేసేవాణ్ణే. కానీ చిన్నోడు కాలవ దగ్గర ఆడుకుని బడికి వెళ్లానని చెప్పాడట. ఆ సంగతి మా ఆవిడ రాసింది. ముందురోజే నేను వాడికి కార్డు నిండా రాశాను, ఎవరూ చూడకపోయినా, ఎంత చిన్నదైనా, అబద్ధం చెప్పొద్దని. ఆ సిరా ఇంకా నా వేలికి ఉంది. ఆ వేళ్లతోనే కలం పట్టుకున్నాను.

"సార్, ఒక్క అనుమానం," అన్నాను.

ఖాదర్ సాబ్ కళ్లు మూసుకున్నాడు.

"నా కాగితంల ఠేకా అని ఉన్నది సార్."

ఆఫీసరు మంచివాడే. "పాత కాగితాలకేముంది లెండి. రోజూ వస్తున్నారుగా, నౌకరే అనుకుందాం. సామాను ఎవరిది? రంగులు?"

"వర్క్‌షాపువే సార్."

"మరింకేం. బ్రష్షు?"

ఖాదర్ సాబ్ ఆయన వెనక నిలబడి వర్క్‌షాపు సామాను గది వైపు వేలు చూపిస్తూనే ఉన్నాడు.

"నాదే సార్. ఇక్కడిచ్చే బ్రష్షులకు వెంట్రుకలు రాల్తయి. సున్న గుండ్రంగ రాదు."

అంతటితో ఊరుకున్నానా? జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాను. పిడి మీద నా పేరు చెక్కుకున్నది కూడా చూపించాను.

"నిచ్చెన?"

"అది సుత నాదే సార్."

"పొట్టి నిచ్చెన సార్, అది లెక్కకు రాదు," అన్నాడు ఖాదర్ సాబ్.

"పొట్టిదేం గాదు సార్. ఎనిమిది మెట్లు," అన్నాను.

ఆఫీసరు ఫారం తనవైపు తిప్పుకున్నాడు. "పోనీ, మీకు జ్వరం వస్తే?"

"పద్మారావు నగర్‌ల ఇంకో పెయింటరున్నడు సార్. ఆయన్ని పంపిస్త."

"బ్రష్షూ నిచ్చెనా మీవే, బదులు మనిషీ మీవాడే. ఇక నౌకరెలా అవుతారండీ?" అంటూ ఆఫీసరు 'నౌకరు' కొట్టేసి 'కాంట్రాక్టరు' అని రాశాడు. లేచి చెయ్యి కూడా కలిపాడు. "మీలాంటివాళ్లు అరుదండీ," అన్నాడు. ఈ మాట చిన్నోడికి రాయాలి అనుకుంటూ బయటికొచ్చాను.

ఖాదర్ సాబ్ వరండా బెంచీ మీద కూలబడ్డాడు.

"క్వార్టర్లు నౌకర్లకేనయ్యా. నీ పేరు నా చేత్తోనే కొట్టెయ్యాలె ఇప్పుడు."

నేను బ్రష్షు జేబులో పెట్టుకున్నాను.

"ఎనిమిది మెట్లని నిన్నెవరడిగిన్రు?" అన్నాడు.

"లోపలికి పోయి బ్రష్షు నాది కాదని చెప్పాల్నా?"

"దాని మీద నీ పేరుండె గద."

బెజవాడకు కార్డు రాయడానికి మూడు రోజులు పట్టింది. ఇల్లు ఎందుకు పోయిందని చిన్నోడు అడుగుతాడు. నిజం చెప్పినందుకు పోయిందని రాస్తే వాడు జన్మలో మళ్లీ నిజం చెప్పడు. అందుకని క్వార్టర్లు ఇంకా కట్టలేదని రాశాను. అడుగున, కాలవ వైపు పోవద్దని ఎప్పటిలాగే రాశాను. సర్కారుకు నిజం చెప్పి, ఆరేళ్ల పిల్లాడికి అబద్ధం చెప్పాను.

ఈ సోమవారం వర్క్‌షాపు నుంచి పిలుపొచ్చింది. పిలిచినప్పుడు రావాలని కాగితంలో ఉంది కదా, వెళ్లాను. కొత్త క్వార్టర్ల తలుపుల మీద నంబర్లు రాయాలట. ఒకటి నుంచి మొదలుపెట్టి మధ్యాహ్నానికి పదహారు అయ్యాయి. పక్క తలుపు ముందు నిచ్చెన వేసుకుని కాసేపు ఊరికే నిలబడ్డాను. తర్వాత రాశాను.

పదిహేడు అన్నిటికంటే బాగా కుదిరింది. బ్రష్షు మంచిది మరి.