గుర్రం వీపు చదివిన గవరయ్య మావయ్య

గత సోమవారం మధ్యాహ్నం గుర్రాలకు దాణా పెడుతూండగా ఫోను మోగింది. గవరయ్య మావయ్య ఇక లేరని ఆయన కూతురు రమణమ్మక్క చెప్పింది. చోడి అంబలి తాగి, కాసేపు నడుం వాలుస్తానని పడుకున్న మనిషి మరి లేవలేదట. విని నిశ్చేష్టురాలినయ్యాను. ఎనభై దాటిన మనిషి, తాను బాధపడకుండా, ఎవరినీ బాధపెట్టకుండా వెళ్ళిపోయారు. పుణ్యాత్ములది అనాయాస మరణమని వచ్చినవాళ్ళందరూ అన్నారు. నిజమే, కాదనను. అయినా చేతిలోని బక్కెట్టు ఎప్పుడు కింద పెట్టానో నాకు గుర్తు లేదు.

విజయనగరంలో పరుపులు కుట్టే ఇంట పుట్టిన ఆయన, గుర్రపు జీను కింద వేసే మెత్తలు కుట్టడంలో అనన్యసామాన్యమైన ప్రజ్ఞ సంపాదించారు. మేం హాఫ్ ప్యాడ్ అంటాం. జీనుకూ వీపుకూ మధ్య ఖాళీ ఉంటే పూడ్చి, గుర్రానికి దన్నుగా ఉండే చిన్న మెత్త అది. పెళ్ళి ఊరేగింపుల గుర్రాలవాళ్ళు, సముద్రం ఒడ్డున సవారీలు తిప్పేవాళ్ళు, రామతీర్థం దారిలో నాలుగు గుర్రాలతో స్వారీ బడి నడుపుతున్న నేను, అందరం ఆయన గుమ్మం తొక్కినవాళ్ళమే.

నేను తొక్కింది మా గౌరి కోసం. నా మొదటి గుర్రం అది. కొన్నాళ్ళు బంగారంలా ఉండి, తర్వాత జీను చూపిస్తేనే చెవులు వెనక్కి విరిచి కరవడానికి వచ్చేది. వీపు నొప్పి అని డాక్టరు తేల్చారు. నేను తెలివైనదాన్ని కదా, ఆన్‌లైన్‌లో ఒక మందపాటి మెత్త తెప్పించాను. లాభం లేకపోతే ఇంకా మందంది తెప్పించాను. గౌరి ఇంకా మొండికేసింది. చివరికి ఊరేగింపుల ఆసామి ఒకాయన తీసుకుపోతానంటే సరేనన్నాను. వారంలో బండి పట్టుకొస్తానన్నాడు. ఆ వారం నాకు అన్నం సయించలేదు.

ఎవరో చెబితే ఇంటికి వెళ్ళి గవరయ్య మావయ్యను పిలిచాను. డబ్బాడు వరిపిండితో మోపెడ్ దిగారు. ముగ్గు వేస్తారా అని వేళాకోళమాడాను. ఆయన గౌరి వీపంతా పిండి చల్లి, దాని మీద నల్లరంగు అద్దిన పొందూరు ఖద్దరు గుడ్డ పరిచి, నా మందపాటి మెత్తా జీనూ పెట్టించి, నన్నెక్కించి నాలుగు చుట్లు నడిపించారు. దించాక గుడ్డ తిరగేసి చూపించారు. భుజాల వెనక రెండు చోట్ల పిండి అట్టకట్టింది. నడుమ మరకే లేదు. బరువంతా ఆ రెండు చోట్లే పడుతోందన్నమాట.

"ఒలమ్మీ, జోడు ఇరుకైతే రెండు జతల మేజోళ్ళు తొడుగుతావేటి? గుర్రానికి నోరు నేదు కాబట్టి నువ్వు బతికిపోనావు."

సిగ్గుతో తల దించుకున్నాను. రెండు రోజుల్లో ఒక పల్చటి మెత్త కుట్టి తెచ్చారు. వెన్నెముక పొడుగునా ఏదీ ఒత్తుకోకుండా ఖాళీ, నడుమ ఉన్న సంచుల్లో మాత్రం ఉన్ని. వీపు కండపట్టాక ఆ ఉన్ని కొంచెం కొంచెం తీసెయ్యమన్నారు. బండి పట్టుకొచ్చిన ఆసామికి క్షమాపణ చెప్పి పంపించాను. నెల తిరిగేసరికి గౌరి చెవులు నిటారుగా పెట్టుకుని జీను వేయించుకుంది. దాని మెడ పట్టుకుని ఏడ్చాను, సంతోషంతోనే.

ఆనాటినుంచి ఆయనకు శిష్యురాలినయ్యాను. పని దగ్గర ఆయనకు మొహమాటం ఉండేది కాదు. పట్నంలో పేరున్న బట్టల షావుకారు ఒకాయన, కొడుకు గుర్రానికి ఎర్ర మఖమలుతో బాగా ఎత్తుగా మెత్త కుట్టమన్నాడు. గుర్రం దగ్గర అద్దం ఉండదు బాబూ అని మావయ్య అతన్ని సాగనంపారు. అదే షావుకారు పది రోజులకు గుర్రాన్నే తోలుకొచ్చాడు, పిండి చల్లించుకోవడానికి.

ఆయన నిష్కాపట్యానికి కళింగపట్నం సంగతి ఒక్కటి చాలు. అక్కడ చేపల వేటకు వెళ్ళే ఇంటివాడొకడు ఒడ్డున సవారీలకు గుర్రాన్ని తిప్పేవాడు. మావయ్య ఆ గుర్రాన్ని ఇసక మీదే నిలబెట్టి పిండి చల్లి చూసి, ఎడమ వైపు బరువెక్కువ పడుతోందని కుడి వైపు ఉన్ని దట్టించి వచ్చారు. మూడో నాడు మా ఇంట్లో భోజనం చేస్తూ, ముద్ద చేతిలో ఉండగా ఆగిపోయారు. ఒడ్డు సముద్రం వైపు వాలి ఉంటుందని అప్పుడు తట్టిందట. చెయ్యి కడుక్కుని బయల్దేరితే నేనూ వెంట వెళ్ళాను. రెండు బస్సులు మారి, పదిమంది ఎదుట ఆ మనిషితో అన్నారు: "తప్పు నాదిరా బావా. గుర్రం వంకర కాదు, ఇసక వంకర." గుర్రానికేమీ కాలేదని అతను ఎంత చెప్పినా వినక, రోడ్డు మీద నిలబెట్టి మళ్ళీ చూసి, ఉన్ని తీసేశారు. అతను సంతోషించి ఇచ్చిన ఎండుచేపల వల్ల తిరుగు బస్సులో అందరిచేతా తిట్లు తిన్నాం. ఆ తర్వాత ఎక్కడికెళ్ళినా ముందు చెంబుడు నీళ్ళు నేల మీద పోసి, ఎటూ పారకపోతేనే పిండి డబ్బా తీసేవారు.

పోయిన నెల మా బడికి కొత్త గుర్రం వచ్చింది. చూపు మందగించినా ఆయన వచ్చి కుర్చీలో కూర్చున్నారు. అంతా నన్నే చెయ్యమన్నారు. గుడ్డ తిరగేసి చూశాను. ముందునుంచి వెనక దాకా పిండి సమంగా అంటింది. గోడకు ఆయన కుట్టిన మెత్తలే మూడున్నాయి. ఇన్నేళ్ళు నేర్చుకుని ఒకటైనా తియ్యకపోతే ఆయన ఏమనుకుంటారోనని చెయ్యి అటే లాగింది. జీను సరిపోయింది, మెత్త అక్కర్లేదన్నాను. ఆయన చాలాసేపు నవ్వారు.

"మెత్త ఎయ్యడం ఎవులికైనా వస్తాది. అక్కర్నేదని సెప్పడానికే ఇన్నేళ్ళు పడతాది. ఇంక నీకు నాను అక్కర్నేదమ్మీ."

ఎన్నో మూగజీవాల నొప్పి తీర్చిన ఆ కరుణామూర్తికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నిండు బతుకు బతికారు, తృప్తిగా వెళ్ళారు. ఆయన చెప్పినవన్నీ శిరసావహించాను గానీ, ఆ చివరి మాట మాత్రం ఒప్పుకోను. నిన్న ఆ కొత్త గుర్రానికి జీను వేశాను. బాగానే కుదిరిందని నాకు తెలుసు. తెలిసి కూడా, ఔనో కాదో చెప్పమని కుర్చీ వైపు తిరిగాను. నాకు మీరు కావాలి మావయ్యా.