అత్త గదికి సున్నం గార

జమ్మలమడుగులో మా పాత ఇంటిని ఆనుకుని కొత్త గది లేచాక నాకు గోడల పిచ్చి పట్టుకుంది. ఆ గది మా మేనత్త కోసం. పులివెందులలో టీచరుగా రిటైరైంది. పెళ్లి చేసుకోలేదు, బతుకంతా బాడుగ ఇళ్లలోనే గడిపింది. మా ఇంటికొస్తే కుండలో నీళ్లు కూడా అడిగే ముంచుకునేది. అది చూస్తే నాకు ఒళ్లు మండేది. ఇక మా దగ్గరే ఉండమంటే ఒకటే మాట అంది.

"దోవన పోయేవాళ్లకు అది అతికించిన గదని తెలిసిపోతాది రా. నన్నూ అట్లే అనుకుంటారు."

అంతే, రెండూ ఒకే గోడలా కనపడి తీరాలని పట్టుబట్టాను. పాత గోడలు మట్టితో పేర్చిన నాపరాళ్లు, పైన తాతల నాటి సున్నం గార. కొత్తవి ఇటుకలు. రెండింటికీ నప్పే పూత ఏది? ఏ ఊరికి పోయినా కనపడిన గోడనల్లా తాళంచెవితో గీకి చూసేవాణ్ణి. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి గోడనూ వదల్లేదు. ప్రొద్దుటూరులో ఒకావిడ చేట పట్టుకుని బయటికొచ్చింది.

"ఏందప్పా, మా గోడ నీకేం పాపం చేసింది? అట్ల గీకుతాండావు?"

సిగ్గుతో చచ్చాను గానీ, అది సున్నమని తేల్చుకునే కదిలాను.

అంతా సిమెంటు పూసేద్దామంటే, నేను మామా అని పిలిచే ముసలి బేల్దారి మేస్త్రి తల అడ్డంగా ఊపాడు. చెంబెడు నీళ్లు పాత గోడ మీద కొట్టాడు. గోడ చుర్రుమని తాగేసింది.

"చూసినావా? తాగిన నీళ్లు బయటికి పోవల్ల. సిమెంటు పూస్తే లోపలే నిలబడతాయి. పూత ఊడొస్తాది."

వింటే నేనెందుకవుతాను? ఇంటి వెనక పాత గోడకు మూడడుగుల మేర సిమెంటు పూయించాను. రెండు వానలు పడ్డాయి. వేలితో కొడితే డొల్లగా మోగింది. గోరు దూర్చి లాగితే అప్పడంలా చేతికొచ్చింది! వెనక మట్టి ఇంకా తడిగానే ఉంది. అబ్బ, ఎంత వింతగా అనిపించిందో! మరుక్షణమే అత్త గుర్తొచ్చింది. అత్తకేం చెప్పాలి?

"పోనీ, కొత్త గోడకే సున్నం పూస్తే పట్టదా మామా?"

"పట్టకేమి? ఇటుకా తాగుతాది. కానీ శానా ఓపిక కావల్ల. పూసినాక దినామూ తడపల్ల."

పాత గారను గీకేసి, రెండింటికీ ఒకే సున్నం పూశాడు.

నాలుగోనాడు అత్త దిగింది. భుజాన సంచితోనే వీధిలో నిలబడి ఆ చివర నుంచి ఈ చివరికి చూసింది.

"యాడుంది రా నా గది?"

"నువ్వే కనుక్కో అత్తా."

గోడ పొడవునా చెయ్యి రాస్తూ పోయింది, వెనక్కి వచ్చింది. అతుకు దొరకలేదు.

"గోడ ఎండిపోతాంది, చూసుకునే పన్లేదా?" అని నన్ను కసురుకుని లోపలికి నడిచింది. ఎవర్నీ అడక్కుండా కుండలో చెంబు ముంచి తెచ్చి, గోడ మీద కొట్టింది. మళ్లీ పోయి ఇంకో చెంబు తెచ్చింది. అవి తాగే నీళ్లని నేను చెప్పలేదు.