జర ఓర్చుకో

ఉప్పల్ చౌరస్తా దగ్గర దేవుడి పటాలకు ఫ్రేములు కట్టే ఆయన్ని అందరం మామ అనేవాళ్ళం. ఆయనకు ఒక అలవాటుండేది. వెనక అట్ట పెట్టి మేకులు కొట్టాలంటే పటాన్ని బోర్లించక తప్పదు. అప్పుడు బల్ల మీద ఉతికిన తువ్వాలు పరిచి, "జర ఓర్చుకో" అని పటంతో మెల్లగా అనేవాడు. వెంకన్నకైనా, మక్కాకైనా, ఏసుకైనా అదే మాట. పోయిన మా నాన్న ఫొటోకూ అదే అన్నాడు.

అప్పట్లో నాచారంలో ఫ్యాక్టరీ ఉద్యోగం నాది. సాయంత్రాలు ఆ దుకాణంలో కూర్చుని, మతాలన్నీ చెప్పే సత్యం ఒక్కటేనని వాదించేవాణ్ణి. మామ వినేవాడు గానీ ఒప్పుకునేవాడు కాదు.

పాతబస్తీలో కర్ఫ్యూ ఉన్న రోజుల్లో ఒకసారి, కాగితం చుట్టిన రెండు పటాలు తారుమారుగా ఇచ్చేశాడు. లక్ష్మీదేవి ఒక ముస్లిం ఇంటికి, మక్కా ఒక హిందూ ఇంటికి వెళ్ళాయి. బల్ల మీద మిగిలిన పేర్ల చీటీలు చూశాక గానీ ఆ పొరపాటు మామకు తెలియలేదు. షట్టర్ సగం దించి కూర్చున్నాడు.

మర్నాడు ఇద్దరూ వచ్చారు. హిందూ ఇంటామె మక్కా పటాన్ని కొత్త జాకెట్ గుడ్డలో చుట్టి తెచ్చింది. ముస్లిం ఇంటాయన లక్ష్మీదేవిని తెల్ల దుప్పటిలో చుట్టి, రెండు చేతులా పట్టుకొచ్చాడు. ఎవరి పటం వాళ్ళు తీసుకుని వెళ్ళిపోయారు.

"చూశావా మామా, నేను చెప్పలేదూ?" అన్నాను గెలిచినట్టు.

మామ చిరాకుపడ్డాడు. "అన్నీ ఒక్కటే అయితే వాపస్ ఎందుకు తెచ్చిన్రు సారూ?"

మామ షట్టర్ పూర్తిగా ఎత్తి, బల్ల మీద తువ్వాలు సర్దుతూ తనలో తానే అన్నాడు:

"ఒక్కటి గాకపోతే గంత పైలంగ ఎందుకు తెచ్చిన్రు?"