పెదనాన్న కొవ్వు ప్రార్థన

కొత్తవలసలో మా పెదనాన్న భోజనం ముందు చేసే ప్రార్థన, కంచంలోని వేటమాంసం కొవ్వును బట్టి సాగేది. కొలెస్ట్రాల్ ఎక్కువైందని డాక్టరు మాత్రలు రాస్తే, "అవి విశ్వాసం లేనోళ్లకిరా" అని పక్కన పడేశాడు. పొద్దున్నే పచ్చి వెల్లుల్లి మాత్రం నమిలేవాడు. కూర ముందు కళ్లు గట్టిగా మూసుకుని, "తండ్రీ, ఇందులో కొవ్వు తీసీ, రుసి నాకొగ్గీ" అని వేడుకునేవాడు. మేం ఆకలితో ఆమెన్ కోసం కాచుక్కూర్చునేవాళ్లం.

తర్వాతి రక్తపరీక్షలో కొలెస్ట్రాల్ నిజంగానే తగ్గింది. ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పాడు. వెల్లుల్లిక్కూడా కాస్త వాటా ఇచ్చాడు.

ఇదెలా జరిగిందని వంటింట్లో పెద్దమ్మని అడిగాను.

"ఆయన కళ్లు మూసుకోగానే మాత్ర పొడి మజ్జిగలో ఏసేస్తన్నాన్రా. ప్రార్థన పొడుగైతేనే మంచిది, బాగా కరుగుతాది."