ఒనేసిమా పర్మిట్టు

నది ఒడ్డునున్న మా ఊరు ఎల్ మయోర్‌లో పడవ నడిపే ఆడవాళ్లలో ఒనేసిమా సాయిన్స్ అందరికంటే పెద్దది. పడవ పుట్టింటిది, వల ఆమె అల్లింది. చేపలు పట్టే పర్మిట్టు మాత్రం భర్త పేర ఉండేది. ఆ పని చేసేది మగవాళ్లేనని దాన్ని రాసినవాళ్ల నమ్మకం.

ఫిబ్రవరిలో భర్త పోయాడు. మా పద్ధతి ప్రకారం ఆయన మంచం, బట్టలు, రేడియో ఆయనతోపాటే కాల్చి పంపాం. చొక్కా జేబులో పర్మిట్టు ఉందని మూడోరోజు గుర్తొచ్చింది.

"పోన్లే, అక్కడ బావనెవరూ ఆపరు," అంది చెల్లెలు రెఫుహియో.

"ఇక్కడ నన్నాపుతారుగా."

మార్చి పౌర్ణమి పోటుకు కొర్వినా చేపలు నది మొగకు వస్తాయి. ఏడాది తిండి ఆ పోట్లలోనే. మేం ఆ నీళ్లమీద బతకడం మొదలుపెట్టిన కొన్ని వందల ఏళ్లకు వాటిని కాపాడే ఆఫీసు పుట్టింది. ముందుగా మా నుంచి కాపాడింది. పర్మిట్టు లేని పడవ నీళ్లలోకి దిగడానికి వీల్లేదు.

అక్కాచెల్లెళ్లు ఆ ఆఫీసుకు వెళ్లారు. గుమాస్తా మర్యాదస్తుడు. మరణపత్రం చూసి నిట్టూర్చాడు.

"పర్మిట్టు మీ పేరకు మారాలంటే, ఫలానా ఆయన భార్యనని పేరుతో సహా పైకి చదవాలమ్మా. అంతే."

"చదవను."

"చదువు రాదా?"

"వచ్చు. పోయినవాళ్ల పేరు మేం పలకం. దారిలో ఉన్న మనిషి వెనక్కి తిరుగుతాడు."

"ఒక్కసారికేం కాదులెండి."

"మా బావ అసలే పిలిస్తే పలికే మనిషి," అంది రెఫుహియో.

గుమాస్తా సొరుగులో వెతికి ఇంకో ఫారం తీశాడు. "ఇది మొగుడొదిలేసిన వాళ్లది. వాళ్లకు బాధ కలుగుతుందని ఇందులో పేరు అడగరు. సంతకం పెడితే ఇవాళే మీ పేర పర్మిట్టు."

'నా భర్త నన్ను విడిచి, సామానుతో సహా వెళ్లిపోయాడు' అని అచ్చువేసి ఉంది.

"పెట్టక్కా. సామాను సంగతి నిజమేగా."

"ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క పోటుకైనా నన్ను ఒంటరిగా పంపలేదే ఆయన."

గోడమీద క్యాలెండర్‌లో పౌర్ణమికి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. ఒనేసిమా దానివంక చూసి సంతకం పెట్టింది.

"వదిలేసిన కారణం కూడా రాయాలి," అన్నాడు గుమాస్తా. "తాగుడని రాయండి. ఎవరూ ఏమీ అడగరు."

"ఆయన చుక్క ముట్టలేదు."

"పోనీ, ఇంకో ఆడది?"

ఒనేసిమా ఫారం దగ్గరకు లాక్కుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: 'తప్పు నాది. నా నోరు మంచిది కాదు.'

గుమాస్తా చదివి, సానుభూతిగా తలాడించి, ముద్ర వేశాడు.